లిబియా తీరం, రెండు దాడులు: విమానం డెక్ నుంచి ఎగరాలా, రన్‌వే నుంచా?

వేరే దేశంలో సంక్షోభం ముదిరి, వైమానిక దాడి తప్పదేమో అనిపించిన రోజు ప్లానింగ్ గదిలో వాదన ఎలా మొదలవుతుందో నాకు కంఠతా వచ్చు. నౌకాదళం వాళ్లు తమ క్యారియర్ (విమానవాహక నౌక) ఎక్కడుందో చెబుతారు. వైమానిక దళం వాళ్లు బేసుల మ్యాపు పరుస్తారు. గంట గడిచేసరికి అసలు సంక్షోభం పక్కకు పోయి, ఎవరి విమానాలు గొప్పవి అనే పాత పంచాయితీ నడుస్తుంటుంది. ఆపరేషన్స్ ప్లానింగ్‌లో పనిచేసి, ఇప్పుడు ఆ పని నేర్పుతున్నవాడిగా ఈ వాదనకు నేను ఎప్పుడూ వాడే కేసు లిబియా.

కారణం సులువైనదే. ఒకే తీరం, ఒకే పాలకుడు గడాఫీ, పాతికేళ్ల తేడాతో రెండు దాడులు: ఒకటి 1986 ఏప్రిల్‌లో, రెండోది 2011 మార్చిలో. రెండింట్లోనూ నేల మీది నుంచి వచ్చిన విమానాలు, ఓడల మీది నుంచి లేచిన విమానాలు పక్కపక్కనే పనిచేశాయి. ట్రిపోలీ ఉన్నచోటే ఉంది, బెంఘాజీ ఉన్నచోటే ఉంది, మధ్యధరా సముద్రం వెడల్పూ పెరగలేదు, తగ్గలేదు. అయినా మొదటిసారి వచ్చిన జవాబు రెండోసారికి తలకిందులైంది. మధ్యలో మారిందల్లా ఎవరు సరే అన్నారు, ఎవరు కుదరదన్నారు అన్నది.

1986: చుట్టుదారి

1986 ఏప్రిల్ 5న పశ్చిమ బెర్లిన్‌లోని లా బెల్ డిస్కోలో బాంబు పేలింది. అమెరికా సైనికులు ఎక్కువగా వచ్చే చోటది. దీని వెనక లిబియా ఉందని రీగన్ ప్రభుత్వం తేల్చుకుంది. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 15 తెల్లవారుజామున, ట్రిపోలీ మీదా బెంఘాజీ మీదా ఒకేసారి బాంబులు పడ్డాయి.

అప్పటికి మధ్యధరాలో రెండు అమెరికన్ క్యారియర్లున్నాయి, ‘అమెరికా’, ‘కోరల్ సీ’. నెల ముందే, సరటోగాతో కలిపి మూడు క్యారియర్లు సిద్రా సింధుశాఖలో, దాటితే దాడి చేస్తానంటూ గడాఫీ గీసిన ‘మృత్యురేఖ’ దాటి, లిబియా గస్తీ పడవలతో, తీరంలోని మిసైల్ స్థావరంతో తలపడ్డాయి. అంటే సముద్రం మీద బలగం సిద్ధంగానే ఉంది, చేయీ తిరిగే ఉంది. అలాంటప్పుడు ఎక్కడో బ్రిటన్‌లో, లేకెన్‌హీత్ బేసులో ఉన్న అమెరికా వైమానిక దళపు ఎఫ్-111 బాంబర్లను పిలవాల్సిన అవసరం ఏమొచ్చింది?

క్లాసులో ఈ ప్రశ్న వేస్తే సగం మంది ‘ఎయిర్ ఫోర్స్‌కి కూడా వాటా కావాలి కదా’ అంటారు. ఆ మాట అప్పటినుంచీ ఉన్నదే, పూర్తిగా కొట్టిపారేయను. కానీ ముందు లక్ష్యాలను లెక్కపెట్టాలి. మొత్తం ఐదు. మూడు ట్రిపోలీ వైపు, రెండు బెంఘాజీ వైపు. ఆ రెండు నగరాల మధ్య దూరం 600 కిలోమీటర్ల పైమాటే. ఐదింటినీ కొన్ని నిమిషాల వ్యవధిలోనే కొట్టాలి, రాత్రి చీకట్లో, కింద కిందగా ఎగురుతూ. అప్పట్లో క్యారియర్ల మీద ఆ పని చేయగలిగిన విమానం ఏ-6 ఇంట్రూడర్ ఒక్కటే. రెండు ఓడల్లోని ఇంట్రూడర్లనూ కలిపినా ఐదు లక్ష్యాలకు ఒక్క విడతలో చాలవు. రెండో విడత వెళ్దామంటే అప్పటికి లిబియా రాడార్లు, మిసైళ్లు మేలుకుని ఉంటాయి. లెక్క అక్కడే తేలిపోయింది. బెంఘాజీ క్యారియర్లకు, ట్రిపోలీ ఎఫ్-111 లకు.

బ్రిటన్ ప్రధాని థాచర్ తమ నేల వాడుకోవడానికి ఒప్పుకున్నారు. ఫ్రాన్స్, స్పెయిన్ తమ గగనతలం మీదుగా వెళ్లనివ్వలేదు. లేకెన్‌హీత్ నుంచి ట్రిపోలీకి తిన్నగా గీత గీస్తే దాదాపు 2,400 కిలోమీటర్లు. ఆ గీత ఫ్రాన్స్ మీదుగా పోతుంది. అది మూసుకుపోయేసరికి విమానాలు అట్లాంటిక్ మీదుగా కిందికి దిగి, స్పెయిన్, పోర్చుగల్‌లను చుట్టి, జిబ్రాల్టర్ జలసంధిలో తూర్పుకు తిరగాల్సి వచ్చింది. రానూపోనూ 10,000 కిలోమీటర్లు దాటింది. మొత్తం ప్రయాణం 13, 14 గంటలు. 24 ఎఫ్-111 లు లేచాయి. వాటిలో ఆరు అదనంగా వెంట వచ్చినవి, దారిలో వెనక్కి తిరిగాయి. మిగిలినవి 18. వాటి వెంట రాడార్లను జామ్ చేసే విమానాలు, వీటన్నిటికీ ఇంధనం పట్టడానికి కేసీ-10, కేసీ-135 ట్యాంకర్ల పెద్ద గుంపు.

ఇక్కడ కాస్త ఆగి కాక్‌పిట్ లోపలికి చూడాలి. ఎఫ్-111 లో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. లేచి నడుం చాపే వీలు లేదు. రాత్రిపూట, రేడియోలో మాట్లాడకుండా, ట్యాంకర్ కింద వేలాడే ఇంధన గొట్టానికి తమ విమానాన్ని అతికించి నిలబెట్టాలి. ఆ పని ఒక్కసారి కాదు, దారి పొడవునా పలుమార్లు. ఆరు గంటలకు పైగా ఇలా వచ్చాక అసలు పని మొదలవుతుంది: గంటకు వందల కిలోమీటర్ల వేగంతో నేలకు దగ్గరగా దూసుకెళ్తూ నగరం మధ్యలో ఒక భవనాన్ని రాడార్‌లో పట్టుకుని, ఇన్‌ఫ్రారెడ్ తెర మీద మళ్లీ సరిచూసుకుని, బాంబుకు దారి చూపే లేజర్ వేయాలి. దీని మీద ఒక కఠినమైన నియమం. పరికరాలన్నీ సవ్యంగా ఉండి, లక్ష్యం ఇదేనని ఖాయమైతే తప్ప బాంబు వదలకూడదు. ఆరేడు గంటలు ఆపకుండా నడిచిన ఎలక్ట్రానిక్స్ సరిగ్గా ఆ నిమిషానికి మొరాయిస్తే బాంబులతోనే వెనక్కి రావాలి. చాలా విమానాలకు అదే జరిగింది. గడాఫీ ఉండే అజీజియా ప్రాంగణానికి తొమ్మిది విమానాలు కేటాయిస్తే, అందులో చాలావరకు అక్కడ బాంబు వేయలేకపోయాయి. ఒక విమానం బాంబులు గురి తప్పి ఫ్రాన్స్ రాయబార కార్యాలయం దగ్గర పడ్డాయి. దారి ఇవ్వని దేశానిదే ఆ భవనం. ఒక ఎఫ్-111 కూలి అందులోని ఇద్దరూ చనిపోయారు.

అదే సమయానికి బెంఘాజీలో ఇంట్రూడర్లు తమ రెండు లక్ష్యాలనూ కొట్టి డెక్ మీదికి తిరిగి వచ్చేశాయి. వాటికి ముందు ఏ-7 లు, ఎఫ్/ఏ-18 లు రాడార్లను వెతికి కొట్టే మిసైళ్లు వదిలాయి. నౌకాదళం వైపు ఒక్క విమానమూ పోలేదు. మొత్తం దాడి ముగియడానికి పట్టింది దాదాపు 12 నిమిషాలు.

ఇది చదివి ‘క్యారియరే మేలు’ అని రాసుకుంటే కేసు పక్కదారి పడుతుంది. ఎఫ్-111 చెడ్డ విమానం కాదు. ఆ రాత్రికి, ఆ గురికి అంతకంటే మెరుగైన బాంబర్ అమెరికా దగ్గర లేదనే అంటాను. ట్రిపోలీ విమానాశ్రయంలో నిలిపి ఉన్న ఇల్యూషిన్-76 రవాణా విమానాలను అవి ధ్వంసం చేశాయి కూడా. దాని అలసట, దాని పరికరాల మొరాయింపు చాలావరకు ప్యారిస్, మాడ్రిడ్ నుంచి వచ్చిన ‘కుదరదు’ లోంచి పుట్టినవి. ఫ్రాన్స్ దారి ఇచ్చి ఉంటే అవే విమానాలు, అవే మనుషులు సగం కంటే తక్కువ దూరంలో అక్కడికి చేరేవారు.

2011: క్యారియర్ లేని మొదటి రోజు

2011 ఫిబ్రవరిలో లిబియాలో తిరుగుబాటు రేగింది. మార్చి 17న పౌరులను కాపాడటానికి బలప్రయోగాన్ని అనుమతిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1973 నంబరు తీర్మానం చేసింది. 19వ తేదీకి గడాఫీ ట్యాంకులు బెంఘాజీ శివార్లలో ఉన్నాయి. ఆ రోజు వాటి మీద మొదటి బాంబులు వేసినవి ఫ్రాన్స్ విమానాలు. అవి లేచింది ఫ్రాన్స్ నేల మీది నుంచే. ఆ దేశపు క్యారియర్ షార్ల్ ద గోల్ తులోన్ రేవు వదిలింది మర్నాడు, 20న.

ఇది చెప్పగానే క్లాసులో కాసేపు నిశ్శబ్దం. సంక్షోభంలో ముందు చేరేది క్యారియర్, ఆ తర్వాతే బేసులు అని అందరూ నేర్చుకుని వస్తారు. ఇక్కడ బెంఘాజీని ఆదుకున్న మొదటి గంటల్లో కాటాపుల్ట్ (డెక్ మీది నుంచి విమానాన్ని విసిరి లేపే యంత్రం) ఉన్న క్యారియర్ ఒక్కటీ లేదు. అమెరికా క్యారియర్ ఎంటర్‌ప్రైజ్ సూయెజ్‌కు అవతలి వైపు ఉంది, దాన్ని వెనక్కి పిలవలేదు. తొలి రాత్రి అమెరికా, బ్రిటన్ నౌకలు, జలాంతర్గాములు 110 కి పైగా టోమహాక్ క్షిపణులు వదిలాయి. బ్రిటన్ టోర్నడో యుద్ధవిమానాలు స్వదేశంలోని మార్హమ్ బేసు నుంచి లేచి, 4,800 కిలోమీటర్లు తిరిగి, స్టార్మ్ షాడో క్షిపణులు వేసి ఇంటికి చేరాయి. అమెరికా నుంచి వచ్చిన మూడు బీ-2 బాంబర్లు ఒక ఎయిర్‌ఫీల్డ్‌ను కొట్టి వెళ్లాయి.

క్యారియర్ వేగం గురించి జనానికి ఒక భ్రమ ఉంది. 30 నాట్లు అంటే గంటకు 55 కిలోమీటర్లు. రోజంతా అదే ఊపులో పోయినా 1,300 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఫైటర్ రెండు గంటల్లోపు దాటేస్తుంది. ఓడ ముందుగా అక్కడే ఉంటే దాన్ని మించింది లేదు. లేకపోతే అందరిలాగే అదీ బయల్దేరి రావాల్సిందే. 1990 ఆగస్టులో కువైట్ సంక్షోభంలోనూ ఇదే కనిపించింది. సౌదీ రాజు ఫహద్ 6వ తేదీన సరే అన్నారు. 8వ తేదీకి అమెరికాలోని లాంగ్లీ నుంచి వచ్చిన ఎఫ్-15 లు దహ్రాన్‌లో దిగాయి. దాదాపు అదే సమయానికి ఐసెన్‌హోవర్ ఎర్ర సముద్రంలోకి వచ్చింది. రెండింట్లో ఏది ముందు అని కొట్లాడుకోవడం దండగ. సౌదీ కాదని ఉంటే మాత్రం ఎఫ్-15 ల సంగతి అక్కడితో సరి.

మళ్లీ లిబియాకు వద్దాం. తీరానికి దగ్గర్లో అమెరికాది ఒక ఓడ ఉంది, కియర్‌సార్జ్. అది పూర్తి స్థాయి క్యారియర్ కాదు, మెరైన్లను దించే ఓడ. మీద కొద్ది హారియర్ యుద్ధవిమానాలు, నిటారుగా లేచే ఆస్ప్రే రవాణా విమానాలు, హెలికాప్టర్లు. మార్చి 21 రాత్రి ఇటలీలోని అవియానో నుంచి వచ్చిన ఎఫ్-15ఈ ఒకటి బెంఘాజీ దగ్గర కూలింది. ఇద్దరూ పారాషూట్లతో దిగారు. కియర్‌సార్జ్ నుంచి హారియర్లు వెళ్లి చుట్టుపక్కల బాంబులు వేశాయి, ఆస్ప్రే వెళ్లి పైలట్‌ను ఎక్కించుకుని ఓడకు తెచ్చింది. రెండో వ్యక్తిని స్థానికులు కాపాడారు. ఇంకో సంగతి, ఆ ఎఫ్-15ఈ సొంత గూడు లేకెన్‌హీత్. 1986 లో ఎఫ్-111 లను పంపిన వింగే (విమాన దళ విభాగమే) అది. నేల మీది విమానం పడితే దాని పైలట్‌ను తెచ్చింది సముద్రం మీది డెక్. అవియానో నుంచి ఆ పని అంత తొందరగా జరిగేది కాదు. ఎన్ని బాంబులు మోస్తుంది, ఎన్ని సార్టీలు (ఒక్కో విమానం ఒకసారి వెళ్లి రావడం ఒక సార్టీ) చేస్తుంది అని పట్టికలు వేసేవాళ్లు ఈ గడిని మర్చిపోతారు. దగ్గర్లో ఒక డెక్ ఉండటం అనేది కొన్ని పనులకు బాంబుల సంఖ్యతో కొలిచేది కాదు.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు పెన్సిల్ తీయాలి. అంకెలు సరళంగా ఉండటానికి నేను పెట్టుకున్నవి, పద్ధతి మాత్రం అసలైనదే.

పని ఇది: బెంఘాజీ పైన 24 గంటలూ రెండు ఫైటర్లు తిరుగుతూ ఉండాలి. ఒక్కో జత అక్కడ రెండు గంటలు ఉండగలదు. అంటే రోజుకు 12 జతలు, 24 సార్టీలు. ఇది డెక్‌కైనా, రన్‌వేకైనా ఒకటే.

దక్షిణ ఇటలీలోని జోయా దెల్ కోలె నుంచి బెంఘాజీకి దాదాపు 1,000 కిలోమీటర్లు. లేవడం, పైకెక్కడం కలిపి వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర వేద్దాం. ఒక్కో సార్టీ ఐదు గంటలు. మొత్తం 120 విమాన గంటలు. క్యారియర్ తీరానికి దగ్గరగా ఉంటే వెళ్లడానికి 20 నిమిషాలు, రావడానికి 20. సార్టీ 2 గంటల 40 నిమిషాలు. మొత్తం 64 గంటలు. దాదాపు సగం.

ఇక్కడ ఆగిపోతే క్యారియర్ గెలిచినట్టే. ఇంకో మెట్టు దిగండి. ప్రతి సార్టీ తర్వాత ఇంధనం, ఆయుధాలు, తనిఖీకి మూడు గంటలు పోతాయనుకుందాం. ఇటలీ నుంచి ఒక జత మళ్లీ మొదటికి రావడానికి 8 గంటలు, అంటే నాలుగు జతలు కావాలి, ఎనిమిది విమానాలు. క్యారియర్ నుంచి 5 గంటల 40 నిమిషాలు, అంటే మూడు జతలు, ఆరు విమానాలు. విమాన గంటలు సగానికి తగ్గినా విమానాల అవసరం తగ్గింది రెండే. బేసులో ఇంకో రెండు విమానాలు నిలపడం పెద్ద కష్టం కాదు. డెక్ మీద చోటు కొలిచి పెట్టుకోవాలి.

పైగా ఆ 24 గంటలు అన్నది ఒంటరి క్యారియర్‌కు అసలు చిక్కు. డెక్ మీద ప్రయోగాలు సాధారణంగా రోజులో సగం పూటే జరుగుతాయి. మిగతా పూట మనుషులు నిద్రపోవాలి, కాటాపుల్ట్‌లు, ల్యాండింగ్ తీగలు చూసుకోవాలి, సరకు ఓడ పక్కకు వచ్చి ఇంధనం, బాంబులు ఎక్కించాలి. కొన్ని రోజులు రాత్రింబవళ్లు నడపవచ్చు, నెలల తరబడి నడపలేం. రోజంతా కావాలంటే రెండు ఓడలు కావాలి, లేదా రెండో పూటకు ఎవరిదో ఒక రన్‌వే కావాలి.

క్యారియర్ నుంచి అసలు లాభం స్పందన వేగంలో ఉంది. పడమటి లిబియాలో ముట్టడిలో ఉన్న మిస్రాటా నగరంలో ఒక ట్యాంకు వీధిలోకి వచ్చిందని కబురు అందితే, డెక్ మీద సిద్ధంగా ఉన్న విమానం అరగంట లోపు అక్కడ ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చేసరికి ఆ ట్యాంకు ఏ గోదాంలోనో దాక్కుని ఉంటుంది. కాకపోతే ఇక్కడా ఒక మెలిక. ఎప్పుడూ రెండు విమానాలను గాల్లోనే తిప్పగలిగితే ఈ తేడా చాలావరకు పోతుంది. అలా తిప్పడానికి ట్యాంకర్లు కావాలి. 2011 లో ఆ ట్యాంకర్ పనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు అమెరికా మోసింది. తెర ముందు యూరప్ జెండాలు ఎగురుతుంటే వెనక ఇంధనం పోసింది అమెరికాయే. అది లేకపోతే జోయా దెల్ కోలె దూరమే అసలు దూరంగా కనిపించేది.

ట్యాంకర్ల బెడద క్యారియర్లకూ తప్పదని 2001 అఫ్గానిస్తాన్ చూపించింది. చుట్టుపక్కల దేశాలు తమ నేల మీది నుంచి ఫైటర్లు దాడికి లేవడానికి తటపటాయించాయి. అందుకే మొదటి నెలల్లో దాడి సార్టీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు అరేబియా సముద్రంలోని క్యారియర్లవే. అవి సముద్రం నుంచి కాబూల్ దాకా వెళ్లి రావడానికి అమెరికా, బ్రిటన్ వైమానిక దళాల ట్యాంకర్ల మీద ఆధారపడ్డాయి. మరోవైపు బాంబుల బరువులో సింహభాగం వేసింది హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవి నుంచి వచ్చిన కొద్దిపాటి బీ-52, బీ-1 బాంబర్లు. సార్టీలు లెక్కపెట్టినవాళ్లు ఒక పాఠం రాశారు, టన్నులు లెక్కపెట్టినవాళ్లు ఇంకో పాఠం రాశారు. ఎవరి పుస్తకం వాళ్లది.

‘సరే’లో దాగిన షరతులు

2011 లో క్యారియర్ ప్రాధాన్యం తగ్గడానికి ఒకే కారణం ఇటలీ. బేసులు తెరిచింది. కానీ ఆ సరే ఎంత మెత్తగా వచ్చిందో చూడాలి. మొదటి రోజుల్లో దాడికి ఉమ్మడి నాయకత్వం లేదు, తలా ఒక ఆపరేషన్ పేరు పెట్టుకున్నారు. ఇది నాటో చేతికి రాకపోతే తన బేసుల మీద అదుపు తిరిగి తానే తీసుకుంటానని ఇటలీ విదేశాంగ మంత్రి ఫ్రట్టీని బహిరంగంగానే చెప్పారు. మార్చి 31 నాటికి పగ్గాలు నాటో చేతికి వచ్చాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆతిథ్య దేశాల సంగతి అచ్చం అదే. రాజధానిలో అగ్రనేత తలూపుతాడు, తర్వాత పార్లమెంటు, మిత్రపక్షం, విమానాశ్రయం చుట్టూ ఉన్న జనం ఒక్కొక్కరే మాట్లాడతారు. అమెరికా సేనలకు తమ నేల మీద దారి ఇవ్వని 2003 మార్చి 1 నాటి టర్కీ పార్లమెంటు ఓటు అమెరికా ఇరాక్ ప్లాన్‌లోని ఉత్తర భాగాన్ని మొత్తం మార్చేసింది. ఇక మాల్టా. లిబియాకు చాలా దగ్గర, అయినా దాడులకు తన నేల ఇవ్వనంది. మ్యాపు మీద దాన్ని చూసి సంబరపడే ట్రైనీ ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

అనుమతి వచ్చాక కూడా చిల్లర కష్టాలుంటాయి. స్వీడన్ గ్రిపెన్ యుద్ధవిమానాలు సిసిలీలోని సిగొనెల్లాకు వచ్చాయి. అది అమెరికా నౌకాదళం వాడే బేసు. అక్కడ దొరికేది నౌకాదళానికి పనికొచ్చే జేపీ-5 ఇంధనం. గ్రిపెన్లకు కావాల్సింది వేరు. ఇంధనం తేడా వల్ల మొదట్లో కొన్నాళ్లు వాటి పని కుంటుపడింది. రన్‌వే పొడవు, గగనతల అనుమతి, నాటో సభ్యత్వం అన్నీ చూసుకున్నాక, పైపులో ఏం వస్తుందో చూసుకోకపోతే ఇంతే.

ఓడకు ఇలాంటి బెడద లేదు, దానికి వేరే రకం బెడద. షార్ల్ ద గోల్ అప్పటికే అఫ్గానిస్తాన్ యుద్ధానికి వెళ్లి ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది. నెల తిరక్కుండా మళ్లీ బయల్దేరింది. రఫేల్‌లు, సూపర్ ఎతాందార్లు, హాకై రాడార్ విమానాలతో వేసవంతా పనిచేసి ఆగస్టులో తులోన్ చేరింది. దాని తర్వాత వేసే ఓడ ఫ్రాన్స్ దగ్గర లేదు. యుద్ధం అక్టోబర్ 31 దాకా సాగింది. ఆ చివరి నెలలను మోసింది సిగొనెల్లా, గ్రీస్‌లోని సూదా బే లాంటి బేసులు. ఇటలీ చిన్న క్యారియర్ గరిబాల్దీని ఖర్చు తగ్గించుకోవడానికి జులైలోనే వెనక్కి తెచ్చుకున్నారు. ఒక్క క్యారియర్ ఉన్న దేశానికి నిజానికి ఉన్నది ఏడాదిలో కొన్ని నెలల క్యారియర్ మాత్రమే.

ఆర్క్ రాయల్ గొడవ

బ్రిటన్ కథ ఇంకా చిత్రం. 2010 అక్టోబర్‌లో ఆ దేశం ఖర్చు తగ్గించుకుంటూ హారియర్లను, ఆర్క్ రాయల్ ఓడను పక్కన పెట్టాలని నిర్ణయించింది, టోర్నడోలను ఉంచుకుంది. డిసెంబర్‌లో హారియర్లు చివరిసారి ఎగిరాయి. 2011 మార్చి 11న ఆర్క్ రాయల్‌ను సేవల నుంచి తప్పించారు. ఎనిమిది రోజులకు లిబియా మీద దాడి మొదలైంది. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు.

జూన్‌లో నౌకాదళాధిపతి అడ్మిరల్ మార్క్ స్టాన్‌హోప్ ఆ ఓడ ఉంటే వాడి ఉండేవాళ్లమని అన్నారు, గంటన్నర పట్టే చోటుకు 20 నిమిషాల్లో చేరేవాళ్లమని కూడా. దూరాల లెక్కలో ఆయన మాట నిజమే. కానీ హారియర్ అక్కడికి ఏం మోసుకెళ్లేది? మొదటి రాత్రి వాడిన స్టార్మ్ షాడో దానికి పట్టదు. మిస్రాటా వీధుల్లో ఇళ్ల మధ్య ట్యాంకులను ఏరి కొట్టడానికి తెగ పనికొచ్చిన చిన్న క్షిపణి బ్రిమ్‌స్టోన్ దాని మీద లేదు. అవి రెండూ టోర్నడోవే. త్వరగా చేరే విమానం సరైన ఆయుధం లేకుండా చేరితే, ఆలస్యంగా సరైన ఆయుధంతో వచ్చేదానికి దారి చూపడమే దాని పని అవుతుంది. ఆ రెండింట్లో ఒకటే ఉంచుకోవాలంటే, లిబియా వరకు, టోర్నడోను ఉంచుకోవడమే సరైనదని నా అభిప్రాయం. రెండూ ఉంచుకోలేని స్థితికి రావడం వేరే చర్చ.

2024 జనవరిలో యెమెన్‌లోని హూతీలను కొట్టినప్పుడు అదే బ్రిటన్ దగ్గర రెండు కొత్త క్యారియర్లున్నాయి. వెళ్లింది మాత్రం సైప్రస్‌లోని అక్రొతిరి బేసు నుంచి నాలుగు టైఫూన్ యుద్ధవిమానాలు, ట్యాంకర్ల సాయంతో. పక్కన అమెరికా ఐసెన్‌హోవర్ ఎర్ర సముద్రంలోనే ఉండి విమానాలు పంపుతోంది. ఆ ఓడ సిబ్బంది ఇంటికి చేరేసరికి తొమ్మిది నెలలైంది.

ఇటలీ కుదరదంటే

క్లాసులో చివరికి ఇచ్చే పని ఇది. 2011 నే తీసుకోండి, ఒక్క షరతు మార్చండి: ఇటలీ కుదరదంది. ఇప్పుడు ప్లాన్ చేయండి.

ముందు పోయేవి కనిపిస్తాయి. అవియానో, జోయా దెల్ కోలె, సిగొనెల్లా, ట్రాపాని. కాస్త ఆలోచించేవాళ్లకు గరిబాల్దీ కూడా పోయిందని తడుతుంది, అది ఇటలీ ఓడే కదా. ఇంకా ఆలోచిస్తే కమాండ్ కేంద్రాలూ పోయాయని తెలుస్తుంది. నాటో ఆపరేషన్‌కు సేనాని అయిన కెనడా జనరల్ బుషార్ కూర్చున్నది నేపుల్స్‌లో. వైమానిక దాడుల రోజువారీ ఆదేశాలు తయారైంది ఉత్తర ఇటలీలోని పోజో రెనాటికోలో. విమానాల కంటే ముందు ఆ బల్లలు, ఆ ఫోన్లు వేరే దేశానికి తరలించాలి.

మిగిలేవి కార్సికాలోని సొలెంజారా, క్రీట్‌లోని సూదా బే, సైప్రస్‌లోని అక్రొతిరి, షార్ల్ ద గోల్, కియర్‌సార్జ్. దాదాపు అందరూ షార్ల్ ద గోల్‌ను బెంఘాజీ ముందు నిలబెడతారు. సంక్షోభం అక్కడ కాబట్టి. స్కేలు పెట్టి కొలవమంటాను. సూదా బే నుంచి బెంఘాజీ 530 కిలోమీటర్లే. ఇటలీ బేసుల కంటే దగ్గర. గ్రీస్ సరే అంటే బెంఘాజీకి ఓడ అవసరమే లేదు. అక్కడ అసలు చిక్కు దూరం కాదు, సూదాలో విమానాలు నిలిపే చోటు. అమెరికా, ఫ్రాన్స్, నార్వే ఇప్పటికే అక్కడికి వస్తామంటున్నాయి. ఎవరు వస్తారు, ఎవరు ఆగుతారు అన్నది ఆ సాయంత్రానికే తేల్చాలి.

చిక్కు పడమట ఉంది. మిస్రాటా సూదాకు 900 కిలోమీటర్లు, సొలెంజారాకు దాదాపు 1,200. ట్రిపోలీ సూదాకూ సొలెంజారాకూ 1,000 పైమాటే. ముట్టడిలో ఉన్న మిస్రాటాకు ఏ రన్‌వే దగ్గర కాదు. షార్ల్ ద గోల్ వెళ్లాల్సింది అక్కడికి. అది పనిచేసే సగం పూట మిస్రాటాకు అరగంటలో సాయం అందుతుంది. మిగతా సగం పూటకు సొలెంజారా నుంచి జతలు లేవాలి, ఒక్కో జతకు వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఇంధనం పట్టాలి. ఆ ట్యాంకర్లు ఏ రన్‌వే నుంచి లేస్తాయో, ఎన్ని కావాలో అంకెలతో రాసి ఇవ్వమంటాను. షార్ల్ ద గోల్ ఆగస్టులో వెళ్లిపోతే ఆ అంకె ఎంతకు పెరుగుతుందో రెండో కాలమ్‌లో రాయాలి.